కామా అక్కర్లేదు

అక్షరానికి నాలుగు పౌండ్లు తీసుకుంటాను.
మా తాత రెండు షిల్లింగులకి చెక్కేవాడు,
చేప పడని ఏడాది అరువుకి.
ఫైలీ ఊళ్ళో చచ్చినవాళ్ళందరూ
మా ఇంటి ఉలి కింద పడ్డవాళ్ళే.

గురువారం, వాన వెలిసీ వెలవకముందే
మిస్ గే జెంకిన్‌సన్ వచ్చింది. తొంభై దాటాయి.
చేతిలో కొలతటేపు, సంచిలో బిస్కట్ పొట్లం.
"నా పేరుకి మూడే అక్షరాలు, పెద్ద బేరం కాదులే" అంది.

ఆమె పుట్టిన రోజు
హెర్రింగ్ చేపల బరువుకి పడవలు
అంచుదాకా మునిగి ఒడ్డుకొచ్చాయట. బ్యాండు మోగిందట.
తల్లి కిటికీలోంచి విని, ఇదే పెట్టేద్దాం అందట.
అప్పట్లో ఆ మాటంటే కులాసా.
కొత్త కర్టెన్ల రంగు.
చర్చి హాల్లో డాన్సు టికెట్టు మీద
"గే సాయంత్రం, నిమ్మరసం ఉచితం."
అంతకు ముందు మాత్రం మడికట్టుకు కూర్చుందా?
హల్ రేవులో ఆ విశేషణం తగిలించిన ఇళ్ళ ముందు
మా ముత్తాత టోపీ కిందికి లాక్కుని నడిచేవాడని
మా బామ్మ నవ్వకుండా చెప్పేది.
మాటలూ మనుషుల్లాగే
పాత చిరునామాలు దాచుకుంటాయి.

ఇది కూడా చెప్పేస్తాను.
నాకు పదకొండేళ్ళప్పుడు స్కూల్లో ఆమె వడ్డించేది.
ఏప్రన్ మీద ఎర్రదారంతో కుట్టిన పేరు.
మాకు ఆ రోజుల్లో చెడిపోయిన సైకిల్ గే,
ఓడిపోయిన జట్టు గే,
ఉడికీ ఉడకని క్యాబేజీ గే.
వరసలో వెనకనుంచి అరిచాను. అందరూ నవ్వారు.
ఆమె నా పళ్ళెంలో ఇంకో గరిటె కస్టర్డ్ వేసి
"వినపడింది నాయనా, నా పేరేగా" అంది.
ఆ తీపి ఇంకా నా గొంతులో అడ్డంగానే ఉంది.

ఇప్పుడు నన్ను చర్చి వెనక్కి తీసుకెళ్ళి
ఒక పలకరాయి చూపించింది.
ఎడ్విన్. ఆమె తమ్ముడు. లీడ్స్‌లో టోపీలు కుట్టేవాడు.
ఎనభై ఏడు జనవరిలో, ఆస్పత్రిలో
భోజనం ట్రే తలుపు బయటే పెట్టి పోయేవారట.
ఊళ్ళో న్యుమోనియా అన్నారు.
న్యుమోనియా కూడా నిజమే.
అతను తనకు తానుగా ఎంచుకున్న మాట ఒకటుంది,
లండన్ వీధిలో ఒకసారి అట్టమీద రాసి
నెత్తికంటే ఎత్తుగా పట్టుకున్న మాట.
ఇంట్లో మాత్రం ఆ మాటని
అక్కని భోజనానికి పిలవడానికే వాడేవారు.

పూడ్చే రోజు తండ్రి రాలేదు.
మా నాన్న ఎడమవైపు ఆ ఒక్క పేరూ చెక్కాడు,
కుడివైపు సగం ఖాళీగా వదలమంది ఆమె.
ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఖాళీని
ఉప్పుగాలి ఒక్కటే చదువుతోంది.

"అక్కడ నా పేరు. అదే వరసలో.
ఇంటిపేరు వద్దు, తేదీలు వద్దు."
పెన్సిలుతో కాగితం మీద గీసి చూపించాను:

ఎడ్విన్ గే

కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూసింది.
అప్పుడు వెలిగింది నాకు. చెవులు వేడెక్కాయి.
"మధ్యలో కామా పెట్టనా?
ఇద్దరు మనుషులు కదా, చదివేవాళ్ళు మరోలా..."
"కామాకెంత?"
"ఊరికే."
"అయినా వద్దు."

నిన్న మొదలుపెట్టాను.
మడతకుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది,
ఒళ్ళో బిస్కట్ ముక్కలు, మీద రాతిపొడి.
పలకరాయి గట్టిది, అర్థాలు అరిగినంత తొందరగా అరగదు.
చివరి అక్షరం దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపింది.
దాని తోక ఇంకాస్త పొడుగ్గా లాగమంది,
కొసన చిన్న మెలిక కూడా పెట్టమంది.
అలవాటు లేని పని, డబ్బులెక్కువవుతాయన్నాను.
"కానీ" అంది,
"వాడికి ఆర్భాటం ఇష్టం."